సుడిదోమ పట్టిన ఏడు మా సూరమ్మత్త

మా చిన్నప్పుడు... ఆనకట్ట కట్టాక, కాలవనీళ్లు మా చేలదాకా కొత్తగా వచ్చిన కాలం అది. ఒకరోజు పొద్దున్నే మా మేనత్త సూరమ్మ చీర మోకాళ్లపైకి ఎగదోపుకుని వరిచేలోకి దిగింది. నేను గట్టుమీద నిలబడ్డాను.

ఒక దుబ్బును పక్కకు వంచి, మొదట్లో అరచేత్తో తట్టింది. నువ్వుగింజలంత పురుగులు జలజలా నీళ్లలో రాలాయి... రాలినవి రాలినట్టే ఎగిరి మళ్లీ మొదళ్లకు అతుక్కున్నాయి.

"సుడిదోమే తల్లీ... మొదట్లో కూచుని పైరు రసవంతా పీల్చేస్తంది," అంది.

అప్పటికే చేను మధ్యలో రెండుచోట్ల చాపంత మేర గుండ్రంగా ఎండిపోయింది. నిప్పు పెట్టినట్టుంది... ఆ పంటే మా ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి.

మేనత్త భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. ఇల్లు మా అమ్మది, పొలం మేనత్తది అన్నట్టు ఉండేది మా ఇంట్లో. ఆరోజు ఆవిడ చేనంతా కలయదిరిగింది. కొబ్బరితోట వైపు కాస్త మెరక. అక్కడ నీళ్లు నిలవవు. అక్కడి పైరు మాత్రం పచ్చగా ఉంది... దుబ్బు తడితే ఒకటో రెండో పురుగులు.

ఇంటికొచ్చి మా నాన్నతో చెప్పింది. "మెరకమీద నీళ్లూ లేవు, దోమా లేదు. నీళ్లు తీసేద్దావురా తమ్ముడూ."

నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఇన్నాళ్లూ వానకోసం మబ్బుకేసి చూసేం. ఇప్పుడు కాలవొస్తే నీళ్లు తోసేసుకుంటావా అక్కా? పొట్టకొచ్చే పైరు!"

"నేల నెర్రెలిచ్చేదాకా కాదురా, ఆరేదాకా. తరవాత మళ్లీ పెడదాం. ఊరుకుంటే ఎలాగూ పోతంది గదా."

నాన్న ఒప్పుకున్నారు గాని, అసలు చిక్కు వేరే ఉంది. మా నీళ్లు మురుక్కాలవలోకి పోవాలంటే పల్లపువైపున్న పేరయ్యగారి చేలోంచే పోవాలి. గట్టు తగువొచ్చి ఆయనకీ నాన్నకీ మాటల్లేవు. నేను పుట్టకముందు నుంచీ లేవట... రేవు దగ్గర ఎదురైతే ఇద్దరూ తల తిప్పుకునేవారు.

"వాడి గుమ్మం నేను తొక్కను," అన్నారు నాన్న.

"నిన్ను తొక్కమన్నానా?" అని మేనత్త నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

పేరయ్యగారు వాకిట్లో బాతులకు తవుడు కలుపుతున్నారు. మమ్మల్ని చూసి లేచారు గాని, కూర్చోమనలేదు.

"మా చేలో సుడిదోమ పడిందండి. నీళ్లు మీ చేలోంచి పోనివ్వాలండి," అంది మేనత్త, నించునే.

"అంటే మీ దోమని మా మీదకి తోల్తారా అండి?"

"మీ చేలో లేదంటారా? ఒక్కసారి వంగి చూడండి. లేపోతే నేనీ మాట మళ్లీ ఎత్తనండి."

ముగ్గురం ఆయన చేలోకి నడిచాం. ఆయన వంగి ఒక దుబ్బు తట్టారు. ఇంకోటి తట్టారు... చాలాసేపు నడుం ఎత్తలేదు. తట్టిన ప్రతి దుబ్బు కిందా నీళ్లమీద పురుగు తేలింది.

"ఆయ్... తియ్యండి గండి. మాదీ తీసేస్తానండి," అన్నారు.

ఆ పూటే రెండు చేల నీళ్లూ వదిలేశారు. నాన్నా, పాలేరూ వెదురుగడలతో దుబ్బుల్ని రెండు పక్కలకీ ఒరిగించి, గాలీ ఎండా మొదళ్లకు తగిలేలా బాటలు తీశారు. పసుపెక్కి గిడసబారిన దుబ్బుల్ని మేనత్త వేళ్లతో సహా పీకించి పాతిపెట్టించింది. "ఈ జబ్బు పక్కదానికి అంటుకునేలా ఉందర్రా," అనేది. సాలెగూడు మాత్రం ఎవర్నీ తెంపనిచ్చేది కాదు. "అవీ మనకి పన్జేస్తన్నాయి, జోలికెళ్లకండి."

బురద మిగిలిన చోటికి పేరయ్యగారే తన బాతుల్ని తోలుకొచ్చారు. అవి మెడలు చాచి మొదళ్లన్నీ గాలిస్తుంటే నేను గంతులేశాను! చూసినవాళ్లు చూసినట్టు చుట్టుపక్కల చేలవాళ్లూ నీళ్లు తీశారు.

గుండ్రంగా ఎండిపోయిన ఆ సుళ్లు మళ్లీ పచ్చబడలేదు. అక్కడ గింజ లేదు. కానీ అవి అక్కడితో ఆగిపోయాయి... మిగతా చేనంతా ఈనింది.

కోతల ముందు ఒకరోజు పేరయ్యగారు గట్టు అవతల నిలబడి, ఒక వెన్ను నలిపి చూస్తూ, "ఏం బావా, గింజ బాగా గట్టిపడిందా?" అన్నారు. నాన్న గట్టుదాకా నడిచారు. తనూ ఒక వెన్ను నలిపి చూపిస్తూ, "ఆయ్, గట్టిపడింది బావా," అన్నారు. మేనత్త ఏమీ విననట్టు కొడవలి నూరుకుంటోంది. ఆవిడ కళ్లు నవ్వడం మాత్రం నేను చూశాను.

ఇప్పుడు మా వైపు చేలకి నీళ్లు తెచ్చే పిల్లకాలవలు, బోదెలు పెరిగాయి. ఎవరి తూము వారిది, ఎవరి మురుగు వారిది. పక్కవాణ్ణి అడగాల్సిన పనే లేదు... సుఖమే. కానీ దోమకి గట్లు తెలియవు కదా! అది వచ్చిననాడు పక్కవాకిట్లోకి ముందు నడిచేవాళ్లే కరువయ్యారు. మీ ఊళ్లో అలాంటి మనిషి ఎవరైనా ఉండేవారా? ఉంటే ఆవిడ పేరో, ఆయన పేరో నాకూ చెప్పండి... వినాలనుంది.