నంది కొమ్ముల మధ్య

సింగపూర్లో మా ఇంటి దగ్గర, తిండి కొట్లుండే బెడోక్ హాకర్ సెంటర్లో ఒక చైనీస్ ఆంటీ నల్ల నువ్వుల పాయసం అమ్ముతుంది. నిన్న ఆ నువ్వుల వాసన తగలగానే నా అరికాళ్లు చుర్రుమన్నాయి.

నాకప్పుడు ఏడేళ్లు. సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు, గుళ్లూ కొండలూ హాయిగా తిరిగొద్దామని నాన్న కారు మాట్లాడారు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపులన్నీ భయంతో కళ్లు మూసుకునే దాటాను. శిఖరం అనే కొండ దగ్గర కాలుతున్న రాతి మెట్లెక్కితే పైన చిన్న నంది ఉంది. దాని ముందు నువ్వులు పోసి, కొమ్ముల మధ్య నుంచి దూరంగా ఉన్న గుడి శిఖరాన్ని చూడాలట.

ముందు నానమ్మ చూసింది. "కనిపించిందమ్మా! శిఖరం కనిపిస్తే ఇంక జన్మ ఉండదు. నాకు మళ్లీ పుట్టే పని లేదు," అని సంబరపడిపోయింది.

నాకు గుండె ఆగినంత పనైంది. వచ్చే జన్మలో కూడా నీకు నేనే అమ్మనని అమ్మ రోజూ పడుకోబెట్టేటప్పుడు చెప్పేది. ఇప్పుడు అమ్మకీ కనిపిస్తే? తను పుట్టదు. నేనొక్కదాన్నే పుడతాను, ఎవరింట్లోనో. అమ్మ వంగుతుంటే చున్నీ పట్టుకుని వెనక్కి లాగాను.

"అమ్మా, డోంట్ లుక్! నువ్వు మళ్లీ పుట్టవు!"

అయినా అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. నేను చున్నీ వదల్లేదు.

"కనిపించిందా అమ్మాయ్?" అంది నానమ్మ.

అమ్మ నా వైపు తిరిగింది. "లేదత్తయ్యా. మబ్బు అడ్డమొచ్చింది."

నాకు ప్రాణం లేచొచ్చింది. దిగేటప్పుడు రాళ్ల వేడికి గెంతుతుంటే అమ్మే ఎత్తుకుంది.

నిన్న చెంచా పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అరికాళ్లు కాలే ఆ ఎండలో మబ్బెక్కడిది?