ఆఖరి పేజీలు చెప్పే ఆపా

మా దబీర్‌పురా లైబ్రరీ ఆపా ఇక లేదని శుక్రవారం పొద్దున కూరగాయల బండి దగ్గర తెలిసింది. చెప్పినామె ఆపా ఇంటి పక్కనే ఉంటుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయిందట. సగం నిండిన సంచీతోనే ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టేసింది.

మీలో ఆ లైబ్రరీ మెట్లెక్కినవాళ్లు ఉండే ఉంటారు. స్టేషన్‌కు పోయే దారిలో సైకిల్ దుకాణం మీద రెండు గదులు, మూడు బీరువాలు, కిటికీ పక్కన ఆపా కుర్చీ. ఆమె కరీంనగర్ వైపు ఎక్కడో తెలుగు బడిలో చదువుకుంది. మాతో తెలుగులో, కింద దుకాణంవాళ్లతో ఉర్దూలో, వినని పిల్లలతో రెండూ కలిపి మాట్లాడేది. ఆపా అంటే అక్క, అయినా ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. మా అమ్మా అంతే.

పురాణాలు, చరిత్రలు బీరువాల్లో భద్రంగా ఉండేవి. డిటెక్టివ్, సస్పెన్స్ నవలలకు మాత్రం బీరువాలో కూర్చునే తీరిక ఉండేది కాదు. ఏది చదవమంటావు ఆపా అని అడిగితే, ఏ రచయిత ఇష్టం అని ఆమె ఎన్నడూ అడగలేదు. ఇంట్లో ఎట్లుంది, నిద్ర పడుతోందా అని అడిగేది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలకు, అందరూ అత్తనే అనుమానించి చివరికి అత్త ఏ పాపమూ ఎరగదని తేలే నవల ఇచ్చేది. నయాపూల్ దగ్గర కోర్టులో పనిచేసే గుమాస్తాగారికి కోర్టు సీన్లున్న పుస్తకం పొరపాటున కూడా ఇచ్చేది కాదు. ఇస్తే ఆయన కథ వదిలేసి వకీలు తప్పులు పట్టేవాడు. పత్తర్‌గట్టిలో బట్టల కొట్టు సేటు దొంగతనాల నవలలు అడిగితే, వద్దు భాయ్, చదివినంక తాళం చూసుకోవడానికి మళ్లీ దుకాణానికి పోతవు అని నవ్వేది.

అయితే ఆ నవలలతో ఒక చిక్కుండేది. ఇన్ని చేతులు మారేసరికి కుట్లు వదిలి ముందుగా ఊడిపోయేవి ఆఖరి పేజీలే. కొన్ని ఎవరో చింపుకుపోయినవి. ఇంకో కాపీ తెప్పించే స్తోమత లైబ్రరీకి ఎక్కడిది? హంతకుడెవరో చెప్పకుండానే పుస్తకం అయిపోయేది. అప్పుడు ఆపాయే ఆఖరి పేజీలు. స్టూలు దగ్గరికి లాక్కోమని, ముందు నీకెవరి మీద అనుమానమో చెప్పమనేది. విని, పక్కవాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి మిగతా కథ చెప్పేది. "అనుమానం అందరి మీద పెట్టుకో బేటా, కోపం మాత్రం ఆఖరి దాక ఎవ్వరి మీద పెట్టుకోకు" అనేది. కోర్టు గుమాస్తాగారు ఒకసారి ఎక్కడో పూర్తి కాపీ సంపాదించి, ఆమె చెప్పినదానితో పోల్చి చూశాడు. ఎక్కడా తేడా లేదని లైబ్రరీలో అందరికీ చెప్పాడు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు అమ్మ కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే ప్రాణానికి ముప్పు అని పెద్దాసుపత్రిలో చెప్పారు. అమ్మ ససేమిరా అంది. కోయించుకున్నవాళ్లు ఎవరు బతికారో చెప్పమని ఎదురడిగేది. బాపు బతిమాలాడు, అరిచాడు, ఒకపూట అన్నం మానేశాడు. ఏం లాభం? నొప్పి వస్తే అమ్మ కాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని, నవల చదివేది. ఆ నవలలు మార్చుకురావడం నా పని. ఒకరోజు ఆపా ముందు నిలబడి ఏడ్చేశాను.

ఆపా నన్నేమీ ఓదార్చలేదు. బీరువాలోంచి ఒక లావుపాటి నవల తీసిచ్చింది. ఒక పాత బంగళాలో వరసగా హత్యలు జరిగే కథ. అమ్మ అన్నం వారుస్తూ కూడా దాన్ని వదల్లేదు. తీరా చూస్తే చివర పేజీలు లేవు. పోయి అడిగి రమ్మని నన్ను పంపింది.

"ఆఖరు నా కాడ ఉన్నది," అంది ఆపా. "ఆపరేషన్ అయినంక నేనే మంచం కాడికొచ్చి చెప్త. అందాక చెప్ప. మీ అమ్మకు గట్లనే చెప్పు."

అమ్మకు ఎంత కోపమొచ్చిందో! "నా పాణంతోని బేరం జేస్తదా?" అని లొల్లి లొల్లి చేసింది. ఆపా కాకపోతే గల్లీలో చదివినవాళ్లే లేరా అని ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు! చదివినవాళ్లు కూడా మర్చిపోయామన్నారు. ఆపా అందరికీ ముందే చెప్పి పెట్టిందని నాకు తర్వాత తెలిసింది. అమ్మ కొన్నాళ్లు అలిగి పుస్తకాలే ముట్టలేదు. తర్వాత ఒక పొద్దున, బాపు డ్యూటీకి బయల్దేరుతుంటే, పోదాం పా, ఏమైతే అదైతది అంది. నవల కోసమో, నొప్పికి తాళలేకో, నేను అడగలేదు.

ఆపరేషన్ రోజు ఆపా లైబ్రరీకి తాళం వేసి వచ్చి, ఆసుపత్రి వరండాలో తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. బాపు తెచ్చిచ్చిన చాయ్ చల్లారిపోయినా ముట్టుకోలేదు. మరునాడు అమ్మకు పూర్తిగా తెలివొచ్చాక, మంచం పక్కన వంగి, ఎప్పటిలాగే గొంతు తగ్గించి ఆఖరు చెప్పింది. అమ్మ కళ్లు మూసుకుని విని, నేను అనుకున్నోడే ఆపా అంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను, నాకేమీ వినపడలేదు.

అమ్మ కోలుకుంది. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆ లైబ్రరీ మెట్లు తనే ఎక్కింది, దిగింది.

ఆ శుక్రవారం ఇద్దరం ఆపా ఇంటికి వెళ్లి, ఆడవాళ్ల మధ్య కాసేపు కూర్చుని వచ్చాం. రిక్షాలో అమ్మ ఉన్నట్టుండి నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆ బంగళా నవలల హంతకుడని ఎవ్వల పేరు జెప్పిందో ఎరుకేనా? మొదట్లనే సచ్చి, కాష్టంల గూడ కాలినోని పేరు జెప్పింది."

ఆపా తప్పు చెప్పడమా? నేను నమ్మలేకపోయాను. మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

"ఏమంటనే? నా చెయ్యి పట్టుకొని చెప్తుంటె ఆమె చేతులు గడగడ వణుకుతుండె. ఆమె మాట మీద కోయించుకుంటి. నాకేమన్న అయితదని నాకంటె ఎక్కువ భయపడ్డది పాపం."

అసలు హంతకుడెవరో తర్వాతైనా అడిగావా అన్నాను.

"అడిగితె, ఆ దినం తప్పు జెప్పిన్నని ఆమెకు తెలుస్తది గదా," అంది అమ్మ.

రిక్షా గల్లీ మలుపు తిరిగింది. నాకు మాత్రం ఆ వార్డే కనిపిస్తోంది. ఇనుప మంచం మీదికి వంగి, ఎవరూ వినకుండా ఆపా గుసగుసగా చెబుతోంది, చచ్చిపోయినవాడే ఈ హత్యలన్నీ చేశాడని. అమ్మ కళ్లు మూసుకుని, అవునవునని తలాడిస్తోంది.