పక్కగదిలో మనిషి

మిర్త చెప్పాల్సిన మాట ఒక అట్టముక్క మీద అచ్చయి ఉండేది: "పక్కగదిలో మీలాగే ఇంకొకరు కూర్చుని ఈ ఆట ఆడుతున్నారు." రెండేళ్ళలో ఆ మాట డెబ్భైమందికి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. పక్కగదిలో విరిగిన కుర్చీలు, నేల తుడిచే బకెట్టు తప్ప ఏమీ లేవు. అవతలి ఆటగాడు మిర్త స్వయంగా రాసిన ప్రోగ్రాము.

ఆమెది లోషిన్ దీవి. తండ్రి పడవ మీద తాళ్ళు కట్టే పని చేసేవాడు. తల్లి నెలకు నాలుగైదు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టే చప్పుడును బట్టి ఆ కోపం ఎవరి మీదో పసిగట్టడం మిర్తకు ఏడేళ్ళకే వచ్చేసింది. పెద్దయ్యాక గణితం చదివి, అదే పనికి సమీకరణాలు రాయడం మొదలుపెట్టింది. డాక్టరేటు వచ్చి ఆరేళ్ళయింది. రియెకా రేవు పట్నంలో, ఆస్పత్రి కొండ మీది ఈ పరిశోధనశాలలో ఇది ఆమె మూడో రెండేళ్ళ ఒప్పందం. జూన్‌తో అయిపోతుంది. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా అద్దె గదిలో పుస్తకాలు ఇంకా పెట్టెల్లోంచి తియ్యలేదు.

ఆట తేలికైనదే. తెర మీద అవతలివాడు పది నాణేలు పంచుతాడు. ఒకసారి సగం ఇస్తాడు, ఇంకోసారి అన్నీ తనే ఉంచుకుంటాడు. మీకు కీడు చెయ్యాలనే అలా చేశాడా అన్న ప్రశ్నకు ప్రతిసారీ సున్నా నుంచి వంద లోపు అంకె వెయ్యాలి. ఆ అంకెల నుంచి మనిషిలో అనుమానం ఎంత వేగంగా రగులుతుందో, ఎంత నెమ్మదిగా చల్లారుతుందో మిర్త నమూనా లెక్కగడుతుంది. ఆడేది మానసిక విభాగం రోగులు; వాళ్ళ జబ్బు కథ ఆమెకు తెలియకూడదని నియమం. తెలిస్తే లెక్క అటో ఇటో ఒరుగుతుంది. అందుకని ఫిబ్రవరిలో వచ్చిన నెవియో ఆమెకు అరవై తొమ్మిదో నంబరు మాత్రమే.

నెవియోకు అరవై దగ్గర పడుతున్నాయి. రేవులో క్రేను నడిపిన చేతులు. మొదటి ఆరు పంపకాలకూ సున్నాలే వేశాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"అమ్మాయ్, ఆ గదిలో ఎవరూ లేరు కదూ?"

అడిగితే ఏం చెప్పాలో కూడా అట్ట వెనక ఉంది. "ఉన్నారండీ," అంది మిర్త.

అతను చాలాసేపు గోడకేసి చూశాడు. "సరే. నువ్వే అంటున్నావుగా," అని మళ్ళీ ఆడాడు. ఏడో పంపకంలో అవతలివాడు సరిగ్గా సగం ఇచ్చాడు. నెవియో వంద వేశాడు. అక్కణ్ణుంచి చివరిదాకా వందలే.

ఆ అంకెలతో తెర మీద వచ్చిన గీత చూసి మిర్త మురిసిపోయింది. మంచి చేసినవాడి మీద ఇంత అనుమానమా! పరిశోధనశాల పెద్ద ప్రొఫెసర్ రాంకోకు చూపిస్తే, వేసవి సదస్సులో దీంతోనే మొదలుపెడదామన్నాడు.

పద్దెనిమిది రోజుల తర్వాత ఒక సోమవారం నర్సు స్లావిత్సా తలుపు తట్టకుండానే లోపలికొచ్చింది. నెవియో నెలవారీ ఇంజెక్షన్‌కు రాలేదట. ఎనిమిది రోజులు దాటిపోయిందట. ఇంటికి వెళితే తలుపు తియ్యకుండా, ఆట ఆడించినమ్మాయే చెప్పిందిగా అని లోపల్నుంచి అరిచాడట. మంచం గది మధ్యకు లాక్కుని, పగలంతా చీపురు కర్రతో గోడను పొడుస్తున్నాడని పొరుగావిడ చెప్పిందట.

"అతని జబ్బు ఎలా మొదలైందో తెలుసా, డాక్టరమ్మా?" అంది స్లావిత్సా. "గోడ అవతల మనుషులున్నారని. లేరంటే లేరని నమ్మించడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. నువ్వు ఒక్క మాటతో ఉన్నారన్నావు."

స్లావిత్సా చెబుతూనే ఉంది గాని మిర్తకు వినిపించలేదు. కళ్ళు తెర మీది గీత దగ్గరే ఆగిపోయాయి. ఆరు దగ్గర నేలమీద, ఏడు దగ్గర ఆకాశంలో. ఆ రెంటి మధ్యా జరిగింది ఆటలో లేదు. తన నోట్లో ఉంది. నమూనాలో తన మాటకు చోటే లేదు.

వెంటనే వెళ్ళి రాంకోకు చెప్పింది. ఆడినవాళ్ళకు నిజం ఆట రెండో విడత అయ్యాకే చెప్పాలని పత్రంలో రాసుకున్నామని ఆయన గుర్తుచేశాడు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం గురువారం కూర్చుంటుంది, అప్పటిదాకా నోరు మెదపొద్దు, నీ ఒప్పందం సంగతి కూడా ఆలోచించుకో అన్నాడు. బెదిరింపుగా అనలేదు, అందుకే ఆమెకు మరింత భయం వేసింది. గురువారానికి ఇంకా మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో నెవియో కిటికీ తీస్తే? నాలుగో అంతస్తని స్లావిత్సా చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి స్లావిత్సా వెనకాలే నెవియో ఇంటి మెట్లెక్కింది. కొండల మీంచి దిగే చలి ఈదురుగాలి బురాకు మెట్లదారి కిటికీలు దడదడలాడుతున్నాయి. మోకాళ్ళు పట్టేశాయంటూ స్లావిత్సా పై మెట్టు మీద, నెవియో గోడ పక్కనే కూలబడింది. "ముడి వేసింది నువ్వు. విప్పుకో."

మిర్త తలుపు తట్టింది.

"ఎవరది?"

"మిర్తనండీ. ఆస్పత్రిలో ఆట ఆడించినమ్మాయిని."

"గోడ అవతలివాళ్ళు కూడా పేర్లు చెబుతారు."

నిజమే. ఇప్పుడు అతనికి తనూ కనిపించని గొంతే.

"నేను అబద్ధం చెప్పాను నెవియో గారూ. ఆ గదిలో ఎవరూ లేరు. మీరన్నదే నిజం."

లోపల అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

"ఎందుకు చెప్పావు?"

దానికి సమర్థింపు ఆమె రాసిన పత్రంలో రెండు పేజీలుంది. "అట్ట మీద రాసి ఉంది. చదివేశాను."

తలుపు వెనక దగ్గో నవ్వో తెలియని చప్పుడు. "అట్ట ఏం చెబితే అది చెప్పే నువ్వు డాక్టరువి. పిచ్చోణ్ణి నేను."

గొలుసు తియ్యకుండానే తలుపు నాలుగు వేళ్ళ మేర తెరిచాడు. గడ్డం మాసి ఉంది. సందులోంచి చెయ్యి చాపి ఆమె కోటు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని నలిపి చూశాడు.

"రేపు ఆ గది చూపించు. స్లావిత్సా కూడా ఉండాలి."

ఆ రాత్రి మిర్తకు కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే రాంకోకు తను చేసింది చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, సంఘానికి నువ్వే రాసివ్వు అన్నాడు. జూన్ మాట ఇద్దరూ ఎత్తలేదు.

నెవియో పదిగంటలకు వచ్చాడు. మిర్త ఇచ్చిన తాళంచెవితో పక్కగది తనే తెరిచాడు. కుర్చీలన్నీ ఒక్కొక్కటే జరిపాడు. బకెట్టు ఎత్తి కింద చూశాడు. గోడను అటువైపు నుంచి వేళ్ళతో కొట్టి చెవి ఆన్చాడు. మిర్త గుమ్మంలో నిలబడింది.

"మరి మా ఇంట్లో గోడ అవతల?"

"అక్కడా ఎవరూ..." అనబోయింది మిర్త.

"నిన్నడగలేదు."

స్లావిత్సా బకెట్టు తోసి కుర్చీలో కూర్చుంది. "మీ గోడ అవతల ఉన్నవి మెట్లయ్యా. నిన్న వాటి మీదే కూర్చున్నాను. గంటసేపు చలికి నా మోకాళ్ళు పోయాయి. అక్కడ నేను తప్ప పిల్లి కూడా లేదు."

నెవియో ఆ మాటను లోపల అటూ ఇటూ తిప్పుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. తర్వాత కోటు విప్పి చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. మందు ఏదో, ఈరోజు తేదీ ఏదో మిర్త చదివి చెబితే, ఔనా అని స్లావిత్సాను రెండుసార్లూ అడిగాడు.

ఇంజెక్షనయ్యాక పక్కగదికి తనే తాళం వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు. తాళంచెవి కోసం మిర్త చెయ్యి చాపింది. అతను ఆ చేతిని చూశాడు, ఆమె ముఖాన్నీ చూశాడు, తాళంచెవి తీసుకెళ్ళి స్లావిత్సా జేబులో వేశాడు.