రాక్షసుడి కార్డు, నా తీర్పు

ఈరోజు నాచారంలో తడిసిన కూలర్ గడ్డి వాసన తగలగానే మా మనవరాలు శ్రావణి చిన్నప్పటి వేసవి సెలవులు గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ పిల్లలు కూలర్ ముందు గచ్చు మీద రాక్షసుల కార్డులు పరిచేవారు కదూ?

ఓడినవాళ్లు తమ కార్డు ఇచ్చేయాలి. తగాదా వస్తే కార్డు మీది ఇంగ్లీషు చదివి తీర్పు చెప్పేది, రిటైరైన టీచర్ని, నేనే. ఒకరోజు శ్రావణి కార్డులో, "ఈ రాక్షసుణ్ణి ఎవరూ చంపలేరు" అని ఉంది. కింది వాటా లావణ్య కార్డులో, "ఎదుటి రాక్షసుణ్ణి ఆటలోంచి వెనక్కి పంపాలి" అని ఉంది. చావనివాణ్ణి కదపలేరని శ్రావణినే గెలిపించాను.

"అమ్మమ్మా, సంపుడు వేరు, ఎల్లగొట్టుడు వేరు. జర మళ్ల సదవుండ్రి" అంది లావణ్య.

కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. ఆ పిల్ల చెప్పిందే సరి.

"నాదే తప్పు" అన్నాను. బడిలో ఏనాడూ పిల్లల ముందు అనని మాట అది.

"నువ్వు నాకు అమ్మమ్మవా, దానికా?" అని ఏడుస్తూ శ్రావణి కార్డు ఇచ్చేసింది.

ఇక నన్నెవరూ తీర్పు అడగరనుకున్నాను. మర్నాడు ఇద్దరూ కలిసే వచ్చి, కొత్త తగాదా నా ముందు పరిచి, "గిప్పుడు సెప్పు అమ్మమ్మా" అన్నారు. అంత గౌరవం నాకు మరెవరూ ఇవ్వలేదు.