గొర్రెపిల్ల వెనక్కి తిరిగిన ఎపిసోడ్

మొన్న ఆదివారం మా మనవరాలు హాస్టలు నుంచి వచ్చి, నా మంచం మీద చేరగిలబడి, ఫోను తోస్తూ తోస్తూ ఉన్నట్టుండి "తాతా, ఇది గుర్తుందా?" అని తెర నా ముఖానికి ఆనించినంత పని చేసింది. కళ్ళజోడు వెతుక్కుని చూస్తే, చారల బనీను వేసుకున్న ఉడుత. మనవరాలికి ఏడేళ్ళప్పుడు రోజూ సాయంత్రం అయిదింటికి టీవీలో వచ్చిన బొమ్మల సీరియల్ అది. ఆ ఉడుత రోజూ ఒక దొంగ కాకితో పోట్లాడేది, గెలిచేది, చివర్లో వచ్చీరాని తెలుగులో ఒక పాట పాడేది. ఇప్పుడు మనవరాలు తెరిచింది మాత్రం కాకి లేని, పాట లేని, అసలు మాటే లేని ఎపిసోడ్. కింద జనం తమ అభిప్రాయాలు రాస్తారట. చదివి వినిపించింది. ఒకరు పరమ బోరన్నారు. ఒకరు తమ బాబు ఏడ్చి టీవీ కట్టేయించాడన్నారు. ఇంకొకాయన, బాగా చదువుకున్నవాడిలాగే ఉన్నాడు, "గొర్రెపిల్ల ఎందుకు వెనక్కి తిరిగిందో కారణం చూపించలేదు, అర్థంపర్థం లేని కథ" అని తీర్పిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఎపిసోడును నేను వందసార్లు చూసినవాణ్ణి. దాన్ని గురించి నాకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. వంద అన్నానా? పదకొండు, అవీ మొన్న ఆదివారం నుంచి. అది మొదటిసారి వచ్చిననాడు మాత్రం చూడలేదు. ఆ చూడకపోవడం గురించే ఈ రాత.

ముందు ఆ కథ చెబుతాను, పెద్దదేం కాదు. ఉడుతకు జలుబు చేసి గొంతు పోతుంది. ఆ పూటే మంద నుంచి తప్పిన గొర్రెపిల్ల ఒకటి కొండ మీదికి వస్తుంది. ఉడుత దానికి తోడుగా కూర్చుంటుంది. గడ్డి ఊగుతుంది, మబ్బు పోతుంది, గొర్రెపిల్ల మేస్తుంది. చాలాసేపు ఇంతే. మేస్తూ మేస్తూ గొర్రెపిల్ల కొండ అంచుకు పోతుంది. పిలవాలంటే ఉడుతకు గొంతు లేదు. నోరు తెరుస్తుంది, మూస్తుంది, కాలితో నేలను తంతుంది. గొర్రెపిల్ల ఒక కాలు గాలిలోకి చాచి, ఆగి, ఎందుకో వెనక్కి తిరుగుతుంది. వచ్చి ఉడుత పక్కన పడుకుంటుంది. అయిపోయింది. కాకి కోసం కాచుకుని కూర్చున్న పిల్లలకు కోపం రాక ఏం చేస్తుంది? మా మనవరాలు దానికి 'సోది ఎపిసోడ్' అని పేరు పెట్టింది.

ఇక మా ఇంటామె సంగతి. ఆమెది రాచర్ల దగ్గరి పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. మా పెళ్ళినాటికి మేమింకా కర్నూలు జిల్లా. తర్వాత ప్రకాశం అన్నారు, ఆ తర్వాత రాష్ట్రమే వేరన్నారు. నేను మార్కాపురం వదలకుండానే ఇన్ని చోట్ల కాపురం చేశాను. అప్పట్లో నేను పలకల ఫ్యాక్టరీలో పని. ఈ దేశంలో అఆలు దిద్దిన ప్రతి పిల్లవాడి పలకకూ చట్రం బిగించింది ఈ చేతులే. సరే, చట్రాలు బిగించేవాళ్ళం ఇరవైమందిమి, అందులో నాది చివరి పీట. అయినా పట్నంలో పనిచేసేవాణ్ణన్న మిడిసిపాటు నాకు మేస్త్రీకి ఉన్నంత ఉండేది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాడు నేను అన్నం క్యారియర్ మరిచిపోయి, తోటి పనివాళ్ళతో నవ్వుకుంటూ బజారు మలుపు దాకా పోయాను. వెనక నుంచి ఒక కేక. నాలుకను అంగిటికి ఆనించి ఆడిస్తూ, గొంతులో మొదలై, చివర్న పైకి లేచే కేక. బజారు బజారంతా తిరిగి చూసింది. మా ఇంటామె గడపలో నిలబడి, చేతిలో క్యారియర్ పైకెత్తి, పుట్టింట్లో తప్పిపోయిన గొర్రెను పిలిచినట్టు నన్ను పిలిచింది. మా వాళ్ళలో ఒకడు పొట్ట పట్టుకుని, "ఒరేయ్, పెండ్లయి నెల కాలేదు, నిన్ను పొట్టేలును జేసిందిరా!" అన్నాడు. ఆ పేరు నన్ను ఫ్యాక్టరీలో మూడేళ్ళు వదల్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టాను. "ఇది మార్కాపురం. మీ బీడు గాదు. ఇంకొకసారి ఆ కేక నా చెవిన బడిందా, మీ నాయన కాడికి పోయి ఆ గొర్లతోనే కాపురం జెయ్యి" అన్నాను.

ఆమె చేస్తున్న పని ఆపి, "మరి నిన్నెట్ల పిలిసేది?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్నే. మొగుడి పేరు నోట పలకకూడదు, పిల్లలింకా పుట్టలేదు కాబట్టి ఫలానా వాళ్ళ నాయనా అనడానికీ లేదు. నేను జవాబు చెప్పలేదు. అప్పటి నుంచి నేను కావలిస్తే గరిటెతో గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొట్టేది. పిల్లలు పుట్టాక కూడా గరిటే. నలభై ఏడేళ్ళు ఆ రెండు దెబ్బలకే నేను లేచాను, తిన్నాను, వచ్చాను, పోయాను. మా ఇంట్లో ఏ గిన్నె తీసినా అంచున చిన్న చిన్న సొట్టలు ఉంటాయి.

రాష్ట్రం రెండు ముక్కలైన నెలలోనే ఆమె ఒళ్ళు కూడా రెండు ముక్కలైంది. పక్షవాతం. కుడిపక్క మొత్తం మంచానికి అప్పగించేసింది. మాట పూర్తిగా పోయింది. డాక్టరు, అర్థమవుతుంది గానీ పలకలేదు అన్నాడు. మనవరాలు తన పలక తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టి, "రాయి అవ్వా, ఏం గావాల్నో రాయి" అంది. ఆమె పలక వైపు చూసి, నా వైపు చూసింది. లోకానికంతా పలకలు బిగించిన మొనగాడు, ఇంట్లో మనిషికి ఒక్క అక్షరం నేర్పలేదు. ఎడమచేత్తో ఆ పలక చట్రాన్ని నిమిరి పక్కన పెట్టేసింది. దానికి బదులు ఒక స్టీలు గ్లాసు, చెంచా ఇచ్చాం. మళ్ళీ అవే రెండు దెబ్బలు.

కొడుకూ కోడలూ బడిపంతుళ్ళు, పొద్దుగూకితే గానీ రారు. సాయంత్రం మనవరాలు బడి నుంచి రాగానే అవ్వకు కాపలా దానికి అప్పగించి నేను టీ కొట్టుకు పోయేవాణ్ణి. పని లేక కాదు. కొత్త రాష్ట్రానికి రాజధాని ఎక్కడో తేలలేదు గదా, దొనకొండ అని మా దిక్కున గట్టిగా అనుకుంటున్నారు. దాన్ని తెప్పించే బాధ్యత మా టీ కొట్టు మీద ఉండేది. సచివాలయం ఎక్కడ కట్టాలి, రైలు స్టేషను ఎంత వెడల్పు చేయాలి, అన్నీ నేనే చెప్పేవాణ్ణి. అట్లాంటి ఒక సాయంత్రం, నేను దొనకొండలో విమానం దించుతుండగా, మనవరాలు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"తాతా! అవ్వ అరిసింది! గట్టిగా అరిసింది!"

పడిందేమోనని లేచి పరుగెత్తాను. ఇంట్లో ఏమీ లేదు. ఆమె దిండుకు ఆనుకుని టీవీ చూస్తోంది. మనవరాలు ఆయాసపడుతూ చెప్పింది. ఉడుత సీరియల్‌లో ఆ సోది ఎపిసోడ్ వచ్చిందట. మారుద్దామంటే రిమోటులో బ్యాటరీలు అయిపోయినాయట. అరచేతికి కొట్టుకుంటూ ఉంటే, తెర మీద గొర్రెపిల్ల కొండ అంచుకు పోయిందట, ఉడుత నోరు తెరిచి పిలవలేకపోయిందట, మంచం మీద నుంచి అవ్వ పిలిచిందట. "ఎట్ల పిలిచింది?" అంటే ఆ పిల్ల నాలుక ఆడించి చూపించింది. రాలేదు గానీ నాకు తెలిసిపోయింది. ఉన్న మాటలన్నీ పోయినా, నేను వద్దన్న ఆ కేక మాత్రం లోపల ఎక్కడో అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు టీ కొట్టులో ఆ కేక నా ఎదురుగానే వేసిందని చెప్పాను. ఆ కేకకు వీధి చివర మేకలు పలుపుతాళ్ళు తెంపుకున్నాయని చెప్పాను. నన్ను చూసే పిలిచిందని కూడా చెప్పాను. పదేళ్ళు దాటింది, ఆ మాటను వెనక్కి తీసుకోవడం ఇదే మొదలు. నేను అక్కడ లేను.

ఆ తర్వాత నాకు ఒకటే పని, ఆ ఎపిసోడ్ మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని. కేబుల్ అతన్ని దారికాచి పట్టుకున్నాను. "పెద్దాయనా, ఏది ఎప్పుడెయ్యాల్నో నా చేతిలో ఉంటాదా? యాడనో దూరాన కూసోని ఏస్తారు. పిల్లోళ్ళకు నచ్చనిదాన్ని మల్లా ఎయ్యరు" అన్నాడు. ఛానలుకు నలభై ఉత్తరాలు రాశాను. అంటే, రెండు. అందులో ఒకటి ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. ఉండబట్టలేక రాచర్ల నుంచి మా బావమరిదిని పిలిపించాను. గొంగడి భుజాన వేసుకుని, గిన్నెలో జున్నుపాలు పట్టుకుని వచ్చాడు. సంగతి విని, "బావా, మాకు తోలే కేక వేరే, పిలిసే కేక వేరే. పాప జెప్పేదాన్ని బట్టి అక్క ఏసింది పిలిసే కేక. తప్పిపోయినదాన్ని ఎనక్కి పిలిసేది" అని, అక్క మంచం పక్కన నిలబడి ఒకటి వేశాడు. కిటికీ రెక్కలు అదిరాయి. ఆమె ముఖం వెలిగింది. ఊపిరి తీసుకుంది, నోరు తెరిచింది. అంతలో చూపు తమ్ముడి భుజం మీదుగా నా మీద పడింది. నోరు మూసుకుంది.

మా బావమరిది గొర్రెల మనిషి. ఏ జీవం ఎందుకు బెదిరిందో కనిపెట్టడం అతని పని. "ఏంది బావా, నిన్ను జూసి గమ్మునై పోయింది? ఎప్పుడన్నా ఏమన్నా అన్నావా?" అన్నాడు.

"నేనేమంటాను? ఏమీ అనలేదు" అన్నాను, ఆమె ముందే.

దసరా సెలవులకని పాత ఎపిసోడ్లన్నీ పగటిపూట మళ్ళీ వేస్తుంటే, ఒక మధ్యాహ్నం మనవరాలు "తాతా, సోది ఎపిసోడ్!" అని అరిచింది. ఈసారి నాకు తెలివి వచ్చింది. నేనుంటే ఆమె పిలవదు. "టీకి పోయొస్తా" అని వీధికంతా వినపడేట్టు చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ బయటపడి, సందు తిరిగి, చెప్పులు చేత పట్టుకుని మా కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల గాలి చప్పుడు, గడ్డి చప్పుడు, పిల్లనగ్రోవి. పిల్లనగ్రోవి ఆగింది. గొర్రెపిల్ల అంచుకు వచ్చిందన్నమాట. అప్పుడు వినపడింది. గొంతులో మొదలై, చివర్న పైకి లేచి, కిటికీ దాటి, నా తల మీదుగా బజారులోకి పోయింది. నాకు ఇరవై నాలుగేళ్ళు, చేతిలో క్యారియర్ లేదు, వెనక్కి తిరిగాను.

ఇట్లాగే చెబుతూ వచ్చాను, కొడుక్కీ కోడలికీ, కర్మనాడు వచ్చిన చుట్టాలకూ. ఎంత బాగా చెప్పేవాణ్ణంటే మా బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. కానీ అట్లా జరగలేదు. పిల్లనగ్రోవి ఆగింది, మళ్ళీ మొదలైంది. అంతే. మధ్యలో ఏమీ లేదు. లేచి లోపలికి పోతే ఆమె టీవీ వైపు చూడటం లేదు. కిటికీ వైపు చూస్తోంది. మా కిటికీ పొట్టిది. చువ్వల కింద, మధ్యాహ్నపు ఎండకు మెరుస్తూ, నా బట్టతల అంతసేపూ ఆమెకు కనిపిస్తూనే ఉంది.

మంచం అంచున కూర్చున్నాను. నలభై ఏడేళ్ళ కిందట చెప్పాల్సిన జవాబు అప్పుడు చెప్పాను. "ఆ పొద్దు నేనన్నది తప్పు. పిలువు. ఎంత గట్టిగా అయినా పిలువు. బజారంతా ఇననీ."

ఆమె ఎడమచెయ్యి లేపి నా పెదాల మీద పెట్టింది. నోరు ముయ్యమంటోంది అనుకున్నాను. మనవరాలు మంచం అవతల నుంచి, "నిన్ను పిలవమంటాంది తాతా" అంది. నాలుక అంగిటికి ఆనించి వేశాను. పాత లారీ ఏదో వాగులో ఇరుక్కుని మూలిగినట్టు వచ్చింది. ఆమె నవ్వింది. చప్పుడు లేదు, సగం మూతే కదిలింది. కానీ నేను చేసిన దేనికైనా ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. ఇందులో ఎక్కువేం చెప్పలేదు, మనవరాలు సాక్షి. ఆ కార్తీకం వెళ్ళకముందే ఆమె పోయింది.

మొన్న ఆ చదువుకున్నాయన తీర్పు విన్నాక, "నువ్వు చెప్పు తాతా, నేను కింద రాస్తా" అంది మనవరాలు. చాలా ఉపన్యాసం ఆలోచించాను. కాకిని కొట్టడం ఎవడికైనా వస్తుంది, గొంతు లేనివాడు ప్రేమించినదాన్ని ఎట్లా ఆపుతాడో చూపించడానికి ధైర్యం కావాలి అని, పిల్లలు తిట్టుకుంటారని తెలిసీ కథలో అంత ఖాళీ వదిలినవాడు గొప్పవాడు అని. చివరికి ఒక్క ముక్కే రాయించాను: "గొర్రెపిల్ల తిరగడానికి కారణం ఉంది. మా ఇంట్లో నుంచి పిలిచారు." దాన్ని ఇప్పటిదాకా ఎవరూ మెచ్చుకోలేదట.

మనవరాలు హాస్టలుకు పోతూ ఆ ఎపిసోడును నా ఫోనులో పెట్టిపోయింది. వేలితో వెనక్కి తోస్తే చాలు, గొర్రెపిల్ల మళ్ళీ అంచుకు పోతుంది, మళ్ళీ తిరుగుతుంది. అది అంచుకు చేరినప్పుడల్లా నేను ఆ కేక వేస్తాను. ఇంకా సరిగా రాలేదు. నేర్పే మనిషి ఇంట్లో ఉన్న నలభై ఏడేళ్ళూ నాకు తీరిక దొరకలేదు. ఇప్పుడు రోజంతా తీరికే.