మూతి కనబడని ఏడాది

రాజనర్సు చెవులు పోయి ఇరవై ఏండ్లు. ఆ సంగతి ఆయనకైనా గట్టిగా తెలిసొచ్చింది మాత్రం ఊరంతా మాస్కులు కట్టుకున్నాకే.

సూరత్ పక్కన బమ్రోలిలో ముప్ఫై ఏండ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. వంద సాంచాలు ఒక్కసారి కొట్టుకునే ఆ షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ అందదు. పనివాళ్ళు ఒకరి మూతి ఒకరు చూసి మాట్లాడుకుంటారు. నాలుగు వరుసల అవతల లింగం పెదవులు కదిపితే, చాయ్‌కి పిలుస్తున్నాడో సేటును తిడుతున్నాడో రాజనర్సుకు ఇట్టే తెలిసిపోయేది. తెలుగైనా, హిందీ అయినా, గుజరాతీ అయినా అంతే.

మోకాళ్ళు మొరాయించి సాంచాల దగ్గర నిలబడలేకపోయినప్పుడు, సేటు చెల్లెలు హంసాబెన్ పిలిచి పని ఇచ్చింది. గోపీపురా గల్లీలో ఆమెకు మామగారి కాలంనాటి మూడంతస్తుల కట్టె ఇల్లుంది. పై అంతస్తులు బాగుచేయించి, రోజుల లెక్కన అద్దెకిస్తుంది. పెళ్ళిళ్ళకు వచ్చేవాళ్ళు, రింగ్ రోడ్‌లో చీరలు కొనేవాళ్ళు, పాతకాలపు ఇంట్లో నాలుగు రోజులుండాలని ముచ్చటపడేవాళ్ళు దిగుతారు. తలుపులు తీయడం, సామాన్లు మోయడం రాజనర్సు పని. వంట, ఊడ్పు ఆయన భార్య వెంకటవ్వవి. ఇద్దరూ ఉండడానికి మెట్ల కింద ఒక అర్ర.

చెవుల సంగతి హంసాబెన్‌కు చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. ఎదుటి మూతి కనబడితే చాలు, ఆయన అందుకునేవాడు. జారిపోయిన మాటలను వెంకటవ్వ వెనకనుంచి వచ్చి అందించేది.

లాక్‌డౌన్‌లో ఎనిమిది నెలలు ఇల్లు ఖాళీ. కట్టె ముక్కిపోకుండా రోజూ కిటికీలు తీసి మూస్తూ ఇద్దరే ఉన్నారు. మళ్ళీ జనం రావడం మొదలైంది గానీ, అందరూ మూతులు కప్పుకునే వచ్చారు. సరిగ్గా అప్పుడే, జనవరిలో, బిడ్డ సంతోషి పురుటికని వెంకటవ్వ వేములవాడ పక్కన ఊరికి పోయింది. రాజనర్సు ఒక్కడే మిగిలాడు.

నెల తిరక్కముందే రెండు ఫిర్యాదులు. వేడినీళ్ళు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ నవ్వి తలూపి పోయాడని ఒకరు రాశారు. హంసాబెన్ వీడియో కాల్ చేసింది. ఇంట్లో కూర్చుని చేసింది కాబట్టి మూతి కనబడింది.

"ఇంకొక్క ఫిర్యాదు వస్తే వేరే మనిషిని చూసుకుంటాను, నర్సుభాయ్."

ఆ మాట వెంకటవ్వకు వీడియోలోనే చెప్పాడు.

"చెప్పరాదయ్యా ఆమెకు, చెవులు వినవడయని."

"చెవిటోన్ని ఎవలు పెట్టుకుంటరే? ఈ అర్ర పోతే యాడికి పోదుం? మల్ల ఆ ఉన్ బస్తీల, ఒక్క అర్రల ఎనిమిది మంది నడుమ పండుడేనా?"

"గట్లైతే గంగిరెద్దు లెక్క తలూపుడన్న బంద్ జెయ్యి."

"నువ్వెప్పుడొస్తవు?"

"ఉగాది చేసుకోని వస్త. జర ఓపిక వట్టు."

ఓపికకేం, పట్టాడు. కానీ రోజంతా ఎదుటివాళ్ళ కళ్ళు చూసి మాట ఊహించడం, పన్నెండు గంటలు సాంచాల మీద నిలబడ్డదానికన్నా ఎక్కువ అలుపు తెచ్చేది.

ఫిబ్రవరి చివర హజీరా నుంచి త్రివిక్రమరావు, ఆయన భార్య లలిత వచ్చారు. ఆయన అక్కడి కంపెనీలో ఇంజనీరు. ఏడాదిగా కాలనీ గోడల మధ్యే ఉండి విసిగి, పాత సూరత్ చూద్దామని నాలుగు రోజులకు దిగారు. లలితకు మాటలెక్కువని మాత్రం రాజనర్సుకు అర్థమైంది. ఆమె నీలం మాస్కు ఒకటే పొంగుతోంది, అణుగుతోంది. ఆమె కళ్ళు నవ్వితే ఈయనా నవ్వాడు.

రెండో రోజు సాయంత్రం రావు చౌటా బజారుకు వెళ్ళాడు. లలిత టీ గ్లాసు పట్టుకుని వచ్చి, పైకి చెయ్యి చూపించి ఏదో పెద్ద మాటే చెప్పింది. రాజనర్సు తలూపాడు.

పొద్దుగూకగానే అలవాటు ప్రకారం మెట్లకు వేలాడే తాడు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి, డాబా తలుపు మూసి గొళ్ళెం పెట్టి వచ్చాడు. గల్లీలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, ఎవరి డాబా మీదినుంచి ఎవరైనా దిగిరావచ్చు. నీళ్ళ ట్యాంకు వెనక లలిత నిలబడి, తీగలకు చిక్కిన పతంగి దారాలు చూస్తోందని ఆయనకు తెలియదు.

కింద, పైకప్పు లేని నడవాకిట్లో ఉల్లిగడ్డలు కోసుకుంటూ కూర్చున్నాడు. గంట గడిచిందేమో. గిన్నెలో చెప్పు వచ్చి పడింది.

తల ఎత్తాడు. నడవాకిలి మీద ఆకాశం, దాని అంచున పిట్టగోడ పట్టుకుని లలిత. మాస్కు చేతిలో ఉంది. గొంతు చించుకుంటోంది. గొంతు వినబడలేదు గానీ, పక్క డాబా మీది బల్బు వెలుగులో మూతి కనబడింది. నెలరోజుల తర్వాత మొదటిసారి, ఫోనులో కాకుండా, ఒక మనిషి మాట పూర్తిగా అందింది.

"గొళ్ళెం పెట్టేశావేంటయ్యా! గంట నుంచి అరుస్తున్నా! ఫోను కూడా గదిలోనే ఉండిపోయింది!"

"వస్తున్నమ్మా, వస్తున్న!"

ఆయన లేచేలోపు ఆమె తనలో తాను ఇంకో మాట గొణుక్కుంది. అదీ కనబడింది.

మోకాళ్ళను తిట్టుకుంటూ ఎక్కి, గొళ్ళెం తీసి, ఊపిరందక గోడకు ఆనుకుని అన్నాడు: "పొగరు గాదమ్మా. మొదటిదే."

మాస్కు కట్టుకోబోతున్న లలిత చెయ్యి ఆగింది. 'ముసలాయనకి చెవుడో, పొగరో' అనుకుంది తను. తనకే సరిగ్గా వినబడనంత మెల్లగా అనుకుంది. నాలుగడుగులు వెనక్కి వేసి, మాస్కు కట్టుకోకుండానే అడిగింది:

"కిందనుంచి ఎలా విన్నారు?"

"వినలే. చూసిన."

సాంచాల సంగతి చెప్పాడు. చివరికి చేతులు జోడించాడు. "బెన్‌కు మాత్రం చెప్పకున్రి. మెట్ల కింద అర్రనే మా ఇల్లు."

ఆమె బెన్‌కు చెప్పేది కాదు. కానీ బజారునుంచి వచ్చిన రావు ఆమె నోట విషయం వినగానే మెట్ల మీదే నిలబడి హంసాబెన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆయన మూతికి మాస్కు. ఫోనుకు మూతే లేదు. తన బతుకు గురించి మూడడుగుల దూరంలో మాట్లాడుతున్నారు, రాజనర్సుకు ఒక్క ముక్క తెలియదు. తాడు పట్టుకుని నిలబడ్డాడు.

రావు వెనక, గది గుమ్మంలో లలిత. మాస్కు తీసి, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

'వద్దన్నా వినట్లేదు. మీకు వినబడదని చెప్పేశారు.'

అయిపోయింది అనుకున్నాడు.

'ఎన్నాళ్ళ నుంచని అడుగుతోంది.'

"ఇరవై ఏండ్లు," అన్నాడు పైకే. రావు వెనక్కి తిరిగి చూశాడు. లలిత ఫోను వైపు చెవి వంచి విని, మళ్ళీ పెదవులు కదిపింది.

'మీ ఆవిడ వచ్చేదాకా చూస్తానంటోంది. కానీ వచ్చినవాళ్ళందరికీ ముందే మీ నోటితో చెప్పాలట.'

"ఉగాది కాంగనే వస్తదని చెప్పున్రి."

రెండు రోజులకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే బరోడా నుంచి ఇంకో కుటుంబం దిగింది, నలుగురు, నలుగురికీ మాస్కులు. రోగం మళ్ళీ పెరుగుతోందని ఊళ్ళో అనుకుంటున్న రోజులు. రాజనర్సు నాలుగు మెట్లు పైకెక్కి తాడు పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటినుంచి మనసులో తిప్పుకుంటున్న మాటను హిందీలో అన్నాడు: "నాకు చెవులు వినబడవు. అక్కడే నిలబడి, మూతి చూపించి చెప్పండి."

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళలోని ముసలమ్మ మాస్కు గడ్డం కిందికి లాగింది. పళ్ళు లేవు. పెదవులు లోపలికి పోయాయి. చదవడం కష్టమే. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

వేడినీళ్ళు.

"తెస్త," అని తెలుగులోనే అనేసి, పొయ్యి వెలిగించడానికి ఒక్కో మెట్టూ దిగాడు.