అంగుస్తానాతో కొలిచిన ఉప్పు

మా వంటింటికీ పక్కింటి వంటింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అదీ సన్నటిది. అవతల చెంచా కింద పడితే ఇవతల నుంచి నేను "ఏం పడిందే?" అంటాను. అలాంటిది, అంతమందికి వండిపెట్టే మనిషి ఇంట్లో పొయ్యి వెలిగించిన చప్పుడే లేకపోతే నాకు నిద్రెలా పడుతుంది?

పక్కింటావిడ ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి రెండువందల మందికి వండుతుంది. వీధిలో అందరూ ఆమెను పెద్దగరిటె అంటారు. పిలిస్తే పలుకుతుంది కూడా. భర్త దర్జీ, ముందుగదిలోనే కుట్టుమిషను. ఇల్లు చేరేసరికి ఆమెకు చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు. మధ్యాహ్నం క్యాంటీన్లో మిగిలింది క్యారియర్లో తెచ్చేది. ఇద్దరూ అదే తినేవారు.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు పెద్దమ్మా. నాకు వండే మనిషే సొంతమైనా కడబంతి మిగులే దక్కుతోంది," అని దర్జీ నవ్వేవాడు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఆయన పాదాలు వాచాయి. మొదట చెప్పులు బిగుతయ్యాయి, తరవాత అసలు పట్టలేదు. మిషను తొక్కడం ఆగిపోయింది. ఉప్పు బాగా తగ్గించాలనీ, ఏ పూటకాపూట ఇంట్లో వండింది తినాలనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. క్యారియర్ తిండి మానకపోతే తన మందులు దండగన్నాడు.

"నువ్వే ఏదో ఒకటి ఉడకేసుకోవచ్చుగా నాయనా?" అన్నాను.

"ఉడకేశాను పెద్దమ్మా. మాడిన ఆ గిన్నె తోమలేక మా ఆవిడ అవతల పారేసింది."

ఆ సాయంత్రమే పెద్దగరిటె పొయ్యి వెలిగించింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, గోడవతల ఆయన దగ్గు, ఆ వెనకే ఆమె ఏడుపు. పరుగెత్తాను.

"ఉప్పు పెద్దమ్మా! చెయ్యి దానంతటదే గుప్పెడు తీసి వేసేసింది. ఇద్దరికి వండటం ఈ చేతికి రావట్లేదు. ఆ వేళకి నా ఒంట్లో ఏమీ మిగలదు, బుర్ర కూడా."

కూర నాలిక మీద పెట్టుకున్నాను. సముద్రమే నయం.

మర్నాడు మళ్ళీ క్యారియరే వచ్చింది. ఆయన మూత తీసి చూసి, "ఆకలిగా లేదు," అని లేచిపోయాడట. అరిచినా బాగుండేదని ఆమె నాతో అంది.

ఆ తరవాత నాలుగు రోజులకేమో, వాళ్ళ కిటికీ పక్కగా వెళ్తున్నాను. వెళ్తే చూడకుండా ఉంటానా? పొయ్యిమీద గిన్నె, నేలమీద మనిషి! వెల్లకిలా పడి ఉంది, కాళ్ళు రెండూ గోడకు నిలువుగా ఉన్నాయి. నా కేకకు సగం వీధి వచ్చింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాం.

పెద్దగరిటె ఒక కన్ను తెరిచింది. "చావలేదు పెద్దమ్మా. మూత మోగేదాకా పడుకున్నాను."

"అదేం పడకే!"

"ఇంటికి రాగానే కూర్చున్నానంటే ఇక లేవను. అందుకే చెప్పులు విప్పకముందే ఎసరు పెట్టేస్తున్నా. అప్పుడు కాళ్ళు గోడకెత్తి పడుకుంటా. మూత టకటకమంటే ఇన్నేళ్ళ అలవాటు కదా, ఒళ్ళు దానంతటదే లేస్తుంది. మనిషి పిలిస్తే మాత్రం లేవదు, ఏం చెయ్యను!"

దర్జీ కుర్చీలో కూర్చుని పాత కత్తెరతో బీన్సు కత్తిరిస్తున్నాడు. అన్నీ టేపు పెట్టి కొలిచినట్టున్నాయి.

"కాజాలు కూడా కుట్టు," అన్నాను.

నవ్వి, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తానా చూపించాడు. "ఆవిడ చేతికి లెక్క రాదంటోందని ఉప్పుకి ఇదిచ్చాను. కూరకి ఒక్కటే, అదీ పైన కుప్ప లేకుండా."

అన్ని రోజులూ కూర కుదరలేదు. ఒక్కోరోజు అన్నం, ఉడికిన ముక్కలు, అంతే. కానీ అప్పుడు వండినవే, పొగలు కక్కుతూ. నాకూ ఒక ఉద్యోగం దొరికింది. మూత మరీ ఎక్కువసేపు మోగితే గరిటె కాడతో గోడమీద రెండు దెబ్బలు వెయ్యాలి. అవతల నుంచి "లేచా, లేచా!" అని గొణుగుడు వినిపించేది.

మొన్న సాయంత్రం మూత మోగుతూనే ఉంది. కొట్టాను. మళ్ళీ కొట్టాను. మోత ఆగింది గానీ పలుకు లేదు. ఇక నేను ఆగుతానా? కిటికీ దగ్గరికి వెళ్ళాను.

పెద్దగరిటె కాళ్ళు గోడమీదే ఉన్నాయి, గురక మాత్రం వీధిలోకి వస్తోంది. పొయ్యి దగ్గర దర్జీ నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులున్నాయి, తన పాత చెప్పులే. ఎన్నాళ్ళనుంచో కనిపించని చీలమండ ఎముకలు మళ్ళీ బయటపడ్డాయి.

"మెల్లిగా పెద్దమ్మా," అని గుసగుసలాడాడు. "మూత నేనే తీశాను. ఇవాళ గిన్నె మాడనివ్వను, ఒట్టు."

ఆ మాట నమ్మి వెళ్ళిపోయే మనిషిని కాను. ఊచలు పట్టుకుని, బీన్సు ఉడికేదాకా చూస్తూ నిలబడ్డాను. ఉప్పు వేసేముందు ఆయన అంగుస్తానా పైకెత్తి నాకు చూపించాడు. సగానికే ఉంది. చాలన్నట్టు తలూపాను.